ఇసుక డ్రెడ్జర్‌కు మళ్లీ అనుమతి

అన్నా,

నువ్వు తుంగభద్రలో మునిగిపోయి నేటికి ఏడాది. మోకాటి లోతే అనుకుని నువ్వు దిగిన చోట, ఇసుక తోడే డ్రెడ్జర్ పెద్ద గుంత చేసి వదిలేసింది. దాని లైసెన్సు పొడిగించడానికి ఈ పొద్దున పంచాయతీ ఆఫీసులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. నది అడుగు ఏమీ దెబ్బతినలేదని అధికారి పర్యావరణ నివేదిక చదివి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. ఎవరూ లేవలేదు.

నేను లేచాను. "మా అన్న ఆ గుంతలోనే పోయినాడు సార్. ఆ గుంత సంగతి మీ రిపోర్టులో యాడ రాసినారు?" అని అడిగాను. గుమాస్తా నా మాటలు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు.

బయటికొస్తుంటే డ్రెడ్జర్ కాంట్రాక్టరు మనిషి దగ్గరికొచ్చాడు. "మీ పాప ఏ బడికి పోతాందమ్మా?" అన్నాడు, నవ్వుతూనే.

నేరుగా బడికెళ్లి, పాఠం మధ్యలోనే పాపను ఇంటికి తెచ్చుకుని తలుపు గడియ వేశాను.

జరిగిందంతా చెబితే వదిన భయపడింది. "చెప్పిన మాట వాపసు తీసుకోరాదామ్మా?" అంది.

"తీసుకోను వదినా" అన్నాను. అంటూనే ఉన్నాను గానీ, గడియ మీద నుంచి చెయ్యి తీయలేకపోయాను.

నీ చెల్లెలు