నేను చింపిన గొర్రె కథ

జూన్ 8, ఆదివారం

పెనుకొండ మందిరంలో ఈరోజు అగ్ని పడినట్టే మాట్లాడాను. గొంతు పోయింది.

సండే స్కూలు చెప్పే సునీత పిల్లలకు ఒక పుస్తకం చదివి వినిపిస్తోందని తెలిసింది. అందులో గొర్రె మాట్లాడుతుందట. చొక్కా తొడుక్కున్న నక్క దానికి జవాబు చెబుతుందట. ప్రసంగం మధ్యలో ఆ పుస్తకం తెప్పించాను. అందరికీ కనబడేలా పైకెత్తాను. ఏదెను తోటలో మనిషితో మొదట మాట్లాడిన జంతువు ఏది — సర్పం. ఏం మాట్లాడింది — అబద్ధం. దేవుడు మాటలు ఇవ్వనిదానికి మాటలు పెట్టేవాళ్లు ఎవరి పని చేస్తున్నట్టు? ఆమెన్, ఆమెన్... నడిమికి చింపాను.

సునీత పిల్లల వెనక నిలబడి ఉంది.

హిందూపురం వచ్చే రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఈ పేజీకి నిజమే చెప్పాలి కదా — సంతోషంగానే ఉన్నాను.

జూన్ 10, మంగళవారం

మూడు జాకెట్లు కుట్టాను. బైబిలు గ్రంథం తీద్దామని సంచిలో చెయ్యి పెడితే ఆ చింపిన పుస్తకం తగిలింది. పారేద్దామని బయటికి తీశాను.

అచ్చు పుస్తకం కాదు. చేత్తో రాసింది. బొమ్మలూ చేత్తోనే, రంగు పెన్సిళ్లతో. నడుమ తెల్ల దారంతో కుట్టి ఉంది. చిన్న చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా, ఒక్కటీ వంకర పోలేదు. ఇరవై ఏళ్లుగా కుట్టుపని మీద బతుకుతున్నదాన్ని, ఆ కుట్టు మీదే వేళ్లు పెట్టి లాగాను. చూడలేదు.

చివరి అట్ట మీద పిల్లల పేర్లు. ఎవరిది వాళ్లే రాసుకున్న అక్షరాలు. అంటే రంగులు వేసింది వాళ్లు.

ఇది ఒక్కటే ప్రతి.

జూన్ 11, బుధవారం

రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మందలోంచి తప్పిపోయిన గొర్రె. దారి తెలియని నక్క. "నాకు భయంగా ఉంది, నీకూ భయమేనా" అని గొర్రె అడుగుతుంది. అవును అంటుంది నక్క. ఇద్దరూ తెల్లారేదాకా ఒక బండ పక్కన కూర్చుంటారు. అంతే కథ.

సర్పం ఎక్కడుంది ఇందులో.

నేను ఇంతకుముందు పిల్లల కథల పుస్తకం ఒక్కటీ చదవలేదు. ముప్పై ఒకటో ఏట అక్షరాలు నేర్చుకున్నాను, గ్రంథం మీద వేలు పెట్టుకునే. అక్షరం రాగానే దేవుని వాక్యం. మధ్యలో కాకులూ కుందేళ్లూ నాకు తగల్లేదు. పుస్తకంలో ఉందంటే జరిగిందనే చెబుతున్నారని అనుకున్నాను. జరగనిది జరిగిందంటే అబద్ధం కదా అని...

యాభై నాలుగేళ్లు. ఎవరికి చెప్పుకోను.

జూన్ 13, శుక్రవారం

పెనుకొండలో స్త్రీల కూడిక. అయిపోయాక జ్యోతి వచ్చి నా కొంగు పట్టుకుంది. గొర్రెలు మేపే నరసప్ప మనవరాలు. ఏడేళ్లుంటాయి.

"అవ్వా, నేను పాపం చేసినా."

ఏం చేసినావే?

"మా గొర్రెపిల్లతో మాట్లాడినా. చానా దినాల్నుంచి మాట్లాడ్తాంటి. ఇప్పుడు మాట్లాడ్డంలే. అది నన్ను చూసి అరుస్తాంటే చెవులు మూసుకుంటాండా."

నరసప్ప గేటు దగ్గరే ఉన్నాడు. ఆయన మన సంఘం కాదు, పిల్ల కోసం వస్తాడు. "ఏమమ్మా, ఈ పిల్ల దొడ్డి దిక్కే రాకుండా ఉండాది. నేను పొద్దన లేసినప్పట్నుంచి వాటితోనే మాట్లాడ్తాంటా. అవీ జవాబు చెప్పవు, ఇంట్లో మా ఆడమనిషీ చెప్పదు. నా పాపాలు లెక్కబెట్టే దానికి ఎంతమంది కావల్లో."

ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, నోటితో.

జ్యోతికి మాత్రం ఏం చెప్పాను? ప్రార్థన చేసుకో అన్నాను. అంత చిన్న మొహంలో అంత భయం పెట్టి, తీసే పని కూడా దానికే అప్పజెప్పి వచ్చాను.

జూన్ 14, శనివారం

గ్రంథంలో గాడిద మాట్లాడింది. ప్రవక్త కొడుతుంటే, నన్నెందుకు కొడుతున్నావని అడిగింది. ఆదివారం నాడు అది నాకు గుర్తులేక కాదు. గుర్తుంది. దాటేశాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను — అది దేవుడు చేసిన అద్భుతం, ఇది మనిషి కల్పన.

పొద్దున ఆ జవాబు కూడా పోయింది. చెట్లు రాజును వెతుక్కునే భాగం తీశాను. ఒలీవ చెట్టు ఒప్పుకోదు, అంజూరం ఒప్పుకోదు, ద్రాక్ష ఒప్పుకోదు. ముళ్లపొద మాత్రం, రండి నా నీడకు, అంటుంది. అది అద్భుతం కాదు. ఒక మనిషి కొండ మీద నిలబడి, జనానికి కళ్లు తెరుచుకోవాలని కల్పించి చెప్పింది. కల్పన అని అందరికీ తెలుసు. అయినా ఉంది, గ్రంథంలోనే.

దాన్ని నేనే చెప్పాను, ఎన్నికలప్పుడు రెండుసార్లు. ముళ్లపొద గొంతు మార్చి చెప్పాను. జనం పడి పడి నవ్వారు. అప్పుడు ఎవరి పని చేసినట్టు?

జూన్ 15, ఆదివారం

ఒప్పుకుందామనే వెళ్లాను. మెట్ల మీదే సంఘపెద్ద రత్నమన్న ఎదురొచ్చాడు. "అక్కా, సునీతను సండే స్కూల్లోంచి తీసేస్తాండాం. వచ్చే ఆదివారం సంఘంలో చెప్పేస్తాం. మీ మాట మీదనే."

సునీత ఏది అని అడిగాను. లేదు. సంఘంలో తలెత్తుకోలేకుండా ఉన్నానని మొగుడు ఎర్రమంచి నుంచి ధర్మవరం పుట్టింటికి పంపేశాడట. నాలుగు దినాలైందట.

"అన్నా, నేను ఆ పొద్దు కొంచెం..."

"మీరు వెనక్కి తగ్గితే రేపు మీ మాట యెవురింటారక్కా? చింపింది చింపినారు."

లోపలికి వెళ్లి ఓర్పు గురించి ప్రసంగించాను. ఓర్పు. బాగా చెప్పావక్కా అన్నారు.

జూన్ 17

మిషన్ ముందు కూర్చున్నాను. ఎవరి జాకెట్టో. కుట్టలేదు.

జూన్ 19, గురువారం

ధర్మవరం. పుస్తకాన్ని సన్న కాగితం అతికించి, మళ్లీ కుట్టి తీసుకెళ్లాను. ఎంత జాగ్రత్తగా కుట్టినా గొర్రె మొహం మీదుగానే అతుకు పోయింది.

సునీత అమ్మ కూలికి మగ్గం నేస్తుంది. తల ఎత్తకుండానే అంది: "ఏమమ్మా, ఇంగేమన్నా చింపేది మిగిలిందా? ఈ చీర ఉండాది. ఇంకా అయిపోలా. రెండు దినాలు ఆగి రా."

సునీత మంచినీళ్లు తెచ్చిచ్చింది. పుస్తకం తిప్పి తిప్పి చూసింది. "కుట్టు బాగుండాది అక్కా." ఎగతాళి కాదు. అదే తట్టుకోలేకపోయాను. క్షమించమ్మా అన్నాను. పెద్ద పెద్ద వాక్యాలు వచ్చే నోరు, ఆ ఒక్క మాటకు తడబడింది.

"నాకు చెప్పేదానికి రైలెక్కి ఇంత దూరమొచ్చినారు. పిల్లోళ్లు పెనుకొండలో ఉండారు కదక్కా."

ఆదివారం వస్తావా అన్నాను.

"మా ఆయన పిలిస్తే వస్తా. రత్నమన్న చెప్తే ఆయన పిలుస్తాడు. మీరు చెప్తే రత్నమన్న చెప్తాడు."

మగ్గం చప్పుడు ఆగింది. ఆమె కూడా నా జవాబు కోసమే చూస్తోంది. చెబుతాను అన్నాను. మగ్గం మళ్లీ మొదలైంది. నమ్మినట్టు లేదు.

జూన్ 22, ఆదివారం

ఆరాధనకు ముందే పిల్లల దగ్గరికి పోయి చాప మీద కూర్చున్నాను. చెట్ల కథ చెప్పాను. అన్ని గొంతులూ పెట్టి చెప్పాను. నవ్వాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

జ్యోతి అడిగింది. "ఇది నిజంగా జరిగిందా అవ్వా?"

జరగలేదు.

"అయితే అబద్ధమా?"

కాదు. కథ.

"అయితే సునీతక్క తప్పు చెయ్యలేదా?"

చెయ్యలేదు.

"మరి ఎవురు చేసినారు?"

రత్నమన్న వాకిట్లో నిలబడి వింటున్నాడు. నేను, అన్నాను.

పిల్లలందరూ గొల్లున నవ్వారు. ఆటపట్టిస్తున్నాననుకున్నారు. ముళ్లపొద గొంతు ఇంకా నోట్లోనే ఉందేమో. రెండోసారి మామూలుగా చెప్పాను. నేనే, నేనే తప్పు చేసినా, గొర్రెపిల్లతో మాట్లాడటం పాపం కాదు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. జ్యోతి కళ్లు దించుకుంది. నా బదులు అది సిగ్గుపడింది.

సంఘంలోనూ చెబుదామని లేచాను. రత్నమన్న పాట ఎత్తుకోమన్నాడు. పాట తర్వాత ప్రార్థన, ప్రార్థన తర్వాత దీవెన. సునీతను తీసేశామనీ చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు. పాట మధ్యలో ఆపి మాట్లాడి ఉండొచ్చు. రెండు వారాల క్రితం ఎవరైనా ఆపగలిగారా నన్ను? ఈరోజు ఒక పాట ఆపేసింది.

జూన్ 24, మంగళవారం

రత్నమన్న ఫోన్. వచ్చే ఆదివారం కదిరి నుంచి ఎవరో వస్తారట ప్రసంగానికి. "మీరు కొన్ని దినాలు రెస్టు తీసుకోండక్కా."

సునీత సంగతి ఏంటన్నా అన్నాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, సంఘంలో నేనే నిలబడి చెబుతాను, ఒక్క పది నిమిషాలు ఇవ్వు అన్నాను.

"చూద్దాం లేక్కా."

చూద్దాం... ఎంతమందికి చెప్పాను ఆ మాట, ఇన్నేళ్లుగా, లోపల వద్దని ముందే అనుకుని. వాళ్లు ఎదురుచూస్తూ ఉంటారని కూడా తెలిసే.

ఇప్పుడు ధర్మవరానికి ఫోన్ చెయ్యాలి. ఏమని చెప్పను. పిల్లలకు చెప్పానమ్మా — అంతవరకు చెప్పగలను. ఆ తర్వాత తను అడుగుతుంది, రత్నమన్న ఏమన్నాడక్కా అని...