అమ్మ వేసిన ముడి

శనివారం రాత్రి, క్యారీ, అమెరికా

మా కాలేజీలో అమ్మాయిల ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కి ఇదే మొదటి సీజన్. నా పుణ్యమా అని ఇదే ఆఖరిదీ కావచ్చు.

ఈ ఆటలో మనిషిని పడేయరు. బంతి పట్టుకున్నవాళ్ల నడుముకున్న బెల్టు లాగి ఊడదీస్తే పరుగు ఆగినట్టే. ఆ బెల్టు వదులుగా ఉందని అమ్మ మ్యాచ్‌కి ముందు లంగా బొందుకి వేసినట్టు గట్టి ముడి వేసింది. "జారితే పరువు పోతుందే!" అంది. విప్పే తీరిక లేక, ఏమవుతుందిలే అని బంతితో పరిగెత్తాను.

అవతలి టీమ్ అమ్మాయి లాగింది. బెల్టు రాలేదు. ఆమె వేలు అందులో ఇరుక్కుని వంగిపోయింది. ఆ అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఆస్పత్రి నుంచి కబురు లేదు. బెల్టుకి ముడి వేయడం రూల్స్‌కి విరుద్ధం. నన్ను ఆడనివ్వకపోతే మా టీమ్‌కి మనుషులు చాలరు, సీజన్ ముగిసినట్టే.

"ఎవరు కట్టారు?" అని కోచ్ అడిగితే, "నేనే" అన్నాను, త్యాగమూర్తిలా.

కార్‌లో అమ్మ ఒకటే గొణుగుడు. "ఆ పిల్ల అంత మొరటుగా లాగడమేంటే! నా ముడి కాబట్టి ఊడలేదు. వచ్చే మ్యాచ్‌కీ నేనే కడతా."

సరేనమ్మా అన్నాను.

దిండు కింద ఫోన్ ఇప్పుడే మోగింది. దిండు ఎత్తి చూస్తే కోచ్ పేరు. తీయడానికి చెయ్యి రావడం లేదు...