కుక్క పేరు తెలిసిన మనిషి

నవంబరు తొమ్మిది, ఆదివారం. తెల్లవారి మంచు, పదింటికల్లా ఎండ. ఓర్ఫా అక్క ఇంటి వెనక కట్టెలు పేర్చి పైన రేకు కప్పాను.

చిరంజీవి లానీకి నాన్న దీవించి రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. ఆవులు బాగున్నాయి, ఎర్రది ఈనింది, పెయ్యదూడ. మీ అత్తయ్య క్షేమం గురించి కూడా ఈ మొదటి వాక్యాల్లోనే రాయాలి గాని, అది వరసలో వచ్చినప్పుడు రాస్తాను. అక్కడ చలి ఎక్కువైందన్నావు. రెండో దుప్పటి అడిగి తీసుకో, మొహమాటపడకు.

కిందటి ఉత్తరంలో నువ్వు మూడు సంగతులు అడిగావు. అత్తయ్యకు ఏ తుపాకి కొన్నావు, ఆమె దాన్ని కాల్చగలదా, మామయ్య మందులు పారేశారా అని. వరసనే జవాబు చెబుతాను.

తుపాకి సంగతి. సెప్టెంబరులో నువ్వు రాసిన ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. 'అత్తయ్య ఆ లోయలో ఒక్కతే ఉంటోంది, మామయ్య పోయాక నాకు భయంగా ఉంది, ఆలస్యం చేయకుండా ఒక తుపాకి కొని నేర్పించు నాన్నా' అని రాశావు. అక్క కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "వాడు జైల్లో ఉండి నా గురించి ఆలోచిస్తున్నాడురా ఆర్విల్. బయట ఉన్నవాళ్ళకే ఆ తీరిక లేదు" అంది. ఆ మాట నాకూ తగిలింది. మర్నాడే ఊళ్ళో కొట్టుకు తీసుకెళ్ళాను.

కొట్టులో కుర్రాడు చిన్న పిస్తోలు ఒకటి చేతిలో పెట్టాడు. "అమ్మమ్మా, ఇది ఆడవాళ్ళ కోసమే చేసింది. మీ చేతిసంచిలో పట్టేస్తుంది" అన్నాడు.

"నా సంచిలో అల్లిక సూదులు, బైబిలు, దగ్గు మందు ఉంటాయి నాయనా. దొంగొస్తే ఏది ముందు చేతికొస్తుందో నాకే తెలీదు" అంది అక్క.

తేలిక తుపాకి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని, ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా తంతుంది. పైగా దాని పైభాగం వెనక్కి లాగి గుండు ఎక్కించాలి. కీళ్ళనొప్పుల వేళ్ళు కదా, ఊరగాయ సీసా మూత తీయడానికే నాకు ఫోను చేస్తుంది. రివాల్వరు చూపించాడు. ట్రిగ్గర్ బిగువు. రెండు చూపుడు వేళ్ళూ పెట్టి లాగి, "ఇది చూస్తే దొంగ నవ్వుకే చస్తాడు, గుండు దండగ" అంది. మీ మామయ్య జంట గొట్టాల తుపాకి ఇంట్లో ఉంది. అది ఒకసారి కాలిస్తే ఆమె భుజం వారం రోజులు లేవదు.

చివరికి ఇరవై గేజి గుళ్ళ తుపాకి తీసుకున్నాను. ఒకటి పేలగానే రెండో తూటా తనంతట ఎక్కుతుంది, ఆ ఎక్కించడంలోనే తన్నే ఊపు సగం మింగేస్తుంది. తుపాకి మడమ, అదే భుజానికి ఆనించే చెక్క, పొడుగవడంతో ఆమె చేయి ముందుకు అందలేదు. ఇంటికి తెచ్చి, రెండు వేళ్ళ వెడల్పు చెక్క కోసి, వెనక రబ్బరు మెత్త అతికించాను. సేఫ్టీ బొత్తం మీద చీకట్లో కనబడాలని తెల్ల రంగు చుక్క పెట్టాను. ఆమె పట్టుకుని భుజానికి ఆనించి, "మీ బావకంటే తేలిక, మాట కూడా వింటుంది" అంది. మొదటి జవాబు అదీ.

కాల్చగలదా అన్నావు. కాల్చగలదు. పశువుల పాక వెనక దాణా సంచుల్లో మట్టి నింపి నిలబెట్టాను. మొదటి రోజు సంచి తప్ప అన్నిటికీ తగిలాయి, మా కంచె గుంజతో సహా. రెండో వారానికి సంచి నడుం దగ్గర చిల్లులు పడ్డాయి. కాల్చడం కంటే ఎక్కువగా కాల్చకుండా ఉండడం నేర్పాను. డీకన్ మొరిగితే ఇల్లంతా వెతకడానికి వెళ్ళవద్దు. పడకగదిలోకి వెళ్ళి గడియ వేసుకో, మంచం అవతల కూర్చో, షెరీఫుకు ఫోను చెయ్యి. తలుపు బయట ఉన్నవాడికి వినబడేట్టు, తుపాకి ఉందని కేకవెయ్యి. మన కొండల్లో మర్యాద ఉన్నవాడు వాకిట్లోనే నిలబడి పేరు చెప్పి పిలుస్తాడు, పేరు చెప్పనివాడు మెట్టెక్కితే వాడు మనవాడు కాదు. ఇవన్నీ ఆమె సుద్దముక్కతో వంటింటి తలుపు లోపల రాసుకుంది.

నేను నేర్పినదంతా డీకన్ మొరగడం మీద ఆధారపడి ఉంది. అది నాకు తట్టలేదు.

అక్టోబరు ఆఖరి ఆదివారం, చర్చి నుంచి వచ్చి అక్క ఆపిల్ పై చేస్తోంది. కారు ఆగిన చప్పుడైంది. డీకన్ లేచి మొరిగాడు. అక్క చేతుల పిండి దులుపుకుని, నేను చెప్పినట్టే తుపాకి తీసుకుని పడకగది వైపు నడిచింది. అప్పుడు వాకిట్లో నుంచి మగగొంతు వినబడింది. "డీకన్! ఒరే డీకన్, ఇలా రారా, ముసలి వెధవా!" కుక్క మొరుగుడు ఆపి తోక ఊపుకుంటూ పోయింది.

ఆ కుక్కకు ఆ పేరు పెట్టింది మీ మామయ్యే కదా, చర్చిలో డీకన్ అనే పెద్దలా మొహం ముడుచుకు కూర్చుంటాడని. పాస్టరుకు కోపమొస్తుందని బయటివాళ్ళ ముందు ఇన్నేళ్ళూ బ్లూ అనే పిలిచాం. చర్చివాళ్ళు, పక్క లోయవాళ్ళు, తపాలావాడు, అందరికీ వాడు బ్లూ. డీకన్ అని తెలిసినవాళ్ళం మీ మామయ్య, అక్క, నేను, నువ్వు. మామయ్య పోయాడు.

అక్క తుపాకి పిండిడబ్బా మీద పెట్టి తలుపు తీసింది. ఆమెను తప్పుపట్టలేను. కుక్కను అంతకంటే పట్టలేను. "ఇంటి మనిషిని కాల్చడానికా నువ్వు నాకు నేర్పింది?" అని ఆసుపత్రిలో నన్నే అడిగింది.

వాడు నీలాగే అత్తయ్యా అని పిలిచాడట. లానీ స్నేహితుణ్ణి, దారిలో పోతూ చూసి పోదామని వచ్చానన్నాడట. కూర్చుని ఆపిల్ పై రెండు ముక్కలు తిన్నాడు. నీ ఒళ్ళు ఎలా ఉందో చెప్పాడు, నువ్వు కాస్త చిక్కావన్నాడు. అక్క మూడో ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. ఒకసారి చేతులు కడుక్కుంటానని లోపలికి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే చూడబోయింది. తువ్వాళ్ళ అలమరలో, తువ్వాళ్ళ వెనక, మామయ్య గడ్డం గీసుకునే పెట్టె తెరిచి ఉంది. ఆఖరి నెలల్లో నొప్పికి ఇచ్చిన బిళ్ళలు అందులోనే ఉన్నాయి. సీసాల మీద ఆయన పేరు ఉందని పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. అడ్డుపడితే తోశాడు. మణికట్టు విరిగింది. వెళ్తూ పిండిడబ్బా మీది తుపాకి కూడా తీసుకుపోయాడు. నేను కోసి, మెత్త అతికించి, చుక్క పెట్టిన తుపాకి.

"పోతూ పోతూ ఆపిల్ పై బాగుందని చెప్పాడురా" అంది అక్క. నవ్వబోయి, నొప్పికి ఆపేసింది.

వాడి ఎడమ చెవికి తమ్మె లేదట. జూన్‌లో నువ్వే రాశావు, నాతో ఒకే గదిలో ఉండేవాడికి చెవి తమ్మె గుర్రం కొరికిందట, భలే నవ్విస్తాడు, ఆగస్టు ఆఖరుకి విడుదలవుతాడు అని. నువ్వు తుపాకి కొనమని రాసింది సెప్టెంబరు మొదటి వారం.

ఇది నీ మూడో ప్రశ్నకు జవాబు, లానీ. మందులు పారేయలేదు. పారేశారా అని నువ్వు అడిగావు గాని పారేయమని రాయలేదు.

అక్కకు కుక్క పేరు సంగతి తట్టింది. ఆమే సమాధానం కూడా చెప్పుకుంది. "బెంగ కదరా పిల్లాడికి. రాత్రిళ్ళు ఇంటి కబుర్లు, డీకన్ కబుర్లు చెప్పుకుని ఉంటాడు పాపం." నేను అవునన్నాను. తువ్వాళ్ళ వెనక పెట్టె సంగతి బెంగతో చెప్పుకునే కబురు కాదు. అది ఆమెకు ఇంకా తట్టలేదు.

ఎందుకు చెప్పావో నాకు తెలియదు. సిగరెట్లకో, భయానికో, గొప్పకో. భయానికి అయితే నేను అర్థం చేసుకోగలను. ఆ తర్వాత చేసినదే నాకు మింగుడు పడడం లేదు. 'నాన్నా, నేను నోరుజారాను, అత్తయ్యను మీ ఇంటికి తీసుకెళ్ళు' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఆ వాక్యం రాయలేక, వేళ్ళు ముడుచుకుపోయిన ముసలిదాని చేతికి తుపాకి ఇప్పించావు. నీ నోటి మాట పట్టుకుని వచ్చినవాణ్ణి ఆమె చంపితే నీ తప్పు కప్పబడిపోయేది, లేదా ఆమె పోయేది. నన్ను ఏ తుపాకి అని అడిగావు, ఎవరి మీదికి అన్నది నీ దగ్గరే ఉంచుకున్నావు. నేను వంచిన నడుం ఎత్తకుండా ఆ మడమ కోస్తుంటే, నా కొడుకు మారాడని మనసులో పాట పాడుకున్నాను.

షెరీఫు రెండుసార్లు వచ్చాడు. "ఆర్విల్, ఆ ఇంటి సంగతులు ఎవరికి తెలుసు?" అని అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాను. అతని మొహం చూసి నీ పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీ ఉత్తరాలు నీకంటే ముందు అక్కడి అధికారి విప్పి చదువుతాడని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. చెవి సంగతి, ఆగస్టు సంగతి, పెట్టె సంగతి, అన్నీ విడమరిచి రాశాను, అతనికి అర్థం కావాలని. అయ్యా, చదువుతున్నవారూ, ఈ కాగితం ఎవరికి అందాలో వారికి అందించండి. తరువాత మావాడికి ఇవ్వండి.

అక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. డీకన్ కూడా. నిన్న పిండికట్టు చేయి ఒళ్ళో పెట్టుకుని, నేర్పిందంతా మళ్ళీ నేర్పమంది. కొత్త సంగతి ఒకటి చెప్పాను. కుక్క పేరు తెలిసినవాడైనా సరే, ముందు తన పేరు చెప్పాలి, తరవాత కిటికీలోంచి మొహం చూడాలి, ఆ తరవాతే తలుపు.

"లానీ అయితేనో?" అంది.

నేను వంగి డీకన్ తల నిమిరాను.

"వాడు తిరిగొచ్చిన రోజున వాకిట్లో నిలబెట్టి పేరడగనా? నా వల్ల కాదురా. వాడికి తలుపు తీసే ఉంటుంది" అంది.

నీకు తన తరఫున కృతజ్ఞతలు రాయమంది. పిల్లాడు నా కోసం ఎంత ముందుచూపు చూశాడో అని రాయమంది. రాశాను. ఆమెకు ఏం చెప్పాలో నువ్వే రాయి. నేను చదివి వినిపించను, ఆమే కళ్ళద్దాలు పెట్టుకుని చదువుకుంటుంది.

ఇట్లు,
నిన్ను కన్న పాపానికి ఇంకా నీ తండ్రినే అయిన
ఆర్విల్

తా.క. ఎండ తగ్గింది. అక్క ఆపిల్ పై చేస్తానంటోంది, ఒక చేత్తో పిండి ఎలా కలుపుతుందో చూడాలి. డీకన్ గేటు దగ్గర కూర్చుని దారి వైపే చూస్తున్నాడు. వాడికి తిండి పెట్టి, తలుపు గడియ వేస్తాను.