అడిగినంకనే ఇయ్యాల్నట

అత్తమ్మా,

ఇయ్యాల నీ సంవత్సరీకం. నువ్వుంటే ఇయ్యాల గూడ నీతోని కొట్లాడుతుంటి.

మనుమరాలు చిన్ని నోరు తెరవకముందే అన్నీ దాని చేతుల పెట్టి అలవాటు చేసి పోయినవు. ఆటిజం అని తెలిసినంక పట్టుకపోతున్న దిల్‌సుఖ్‌నగర్ థెరపీ మేడమేమో, "చెయ్యి చాపి అడిగేదాక ఏదీ ఇయ్యకుండ్రి" అంటది. ఇయ్యకుంటే అది కింద పడి పొర్లి ఏడుస్తది. ఎల్‌బీనగర్ మెట్రో స్టేషన్ల జనమంత నన్నే రాక్షసిని చూసినట్టు చూస్తరు. నీ కొడుకు గూడ "ఇచ్చెయ్ రాదు" అంటడు. అందరు మంచోళ్లే, నేనొక్కదాన్నే చెడ్డదాన్ని. గిదంత పని చేస్తదని నాకే నమ్మకం పోయింది.

పొద్దున నీ ఫొటో ముందర గారెలు పెట్టి, గోడ మీద పెట్టిన ముద్ద కాకి ముట్టేదాక ఎవ్వరు ముట్టొద్దన్న. చిన్ని పోయి ఆడ నిలవడ్డది. గారెలు చేతికి అందుతయి, అయినా తీసుకోలే. నీ ముఖం దిక్కు చూసి, చెయ్యి చాపి, "ఇయ్యి" అన్నది.

అది అడుగుడు అదే మొదలు. చాపిన చెయ్యి చాపినట్టే పెట్టుకోని నీ కోసం చూసింది. కాకి సంగతి తర్వాత చూద్దమని నేనే ఇచ్చిన.

అడగకముందే అన్నీ ఇచ్చేదానివి. తీరా అడిగిననాడు లేకపోతివి.