పది కంది గింజల పరీక్ష

జూన్, బుధవారం. మహబూబ్‌నగర్, హాస్టల్.

గెలిచాను! రెండుసార్లు తప్పిన స్టాటిస్టిక్స్ వైవా ఇవాళ గట్టెక్కాను.

సారు మళ్లీ అదే అడిగాడు: "టైప్ వన్, టైప్ టూ తప్పులకు తేడా ఏంది?" బట్టీ పట్టిన నిర్వచనాలు ఎప్పటిలాగే తారుమారయ్యాయి. అంతలో మా ఊరు కోస్గిలో అమ్మ కట్టే మూట గుర్తొచ్చింది. విత్తే ముందు పది కంది గింజలను తడి గోనెగుడ్డలో చుట్టి పెట్టి, ఎన్ని మొలకెత్తాయో చూస్తుంది.

"విత్తనం మంచిదే అనుకొని మొదలువెడ్తం సార్. పోయినేడు పదిట్ల నాలుగు మొలవలే. మా అమ్మ సంచి మొత్తం పప్పు పట్టించింది. గవే గింజలు పప్పు పట్టియ్యకముందే మా దగ్గర తీస్కపోయి ఏసినోళ్ల చేను నిండుగ మొలిసింది. మంచిదాన్ని చెడ్డదనుకున్నం, గది టైప్ వన్. అంతకు ముందటేడు తొమ్మిది మొలిసినయని ఏస్తే సగం చేను మొలవనే లేదు. చెడ్డదాన్ని మంచిదనుకున్నం, గది టైప్ టూ."

సారు పెన్ను పక్కన పెట్టి నవ్వాడు. "గిట్ల ఇంతవరకు ఎవ్వరు చెప్పలే" అన్నాడు.

కానీ అమ్మ పొరపాట్లను నలుగురిలో పెట్టి పాసయ్యానే అని సాయంత్రం దాకా మనసు పీకుతూనే ఉంది. ఉండబట్టలేక ఫోన్ చేసి చెప్పేశాను.

"నా తప్పులు జెప్పి పాసయినవా బిడ్డా?" అని పగలబడి నవ్వింది. నా చదువులో ఏముందో ఎన్నడూ అడగని మా అమ్మ, తర్వాత నెమ్మదిగా అడిగింది: "మరి ఏం జెయ్యాలె?"

"పది సాలవమ్మా. వంద గింజలు మూటగట్టు. రెండు తప్పులూ తగ్గుతయ్."



"అయితే పెద్ద గోనె ఎతకాలె" అంది.