మావి కాదట

జూన్ 3, సోమవారం
మళ్ళీ చచ్చాయి. మూలకణాల్ని మావి (ప్లాసెంటా) కణాలుగా మారుద్దామని నేను కూర్చుంటే, డిష్ నిండా చెత్త. రోజూ కణాలకి తిండైన మీడియం మార్చడం, రోజూ తల బాదుకోవడం. ఛీ, వెధవ బతుకు.

జూన్ 4
అక్క ఫోన్. నీ మావి మొలకెత్తిందా అని ఎగతాళి చేసింది. ఎగతాళే గానీ, ఆరో నెలలో కడుపులో బిడ్డ పోయినప్పటినుంచి తను కాచుకున్నది దీనికోసమే. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ తేల్చలేదని విన్నాను. మావిలోనే లోపమని నా గట్టి నమ్మకం. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తరు. నేనూ ఏనాడూ వివరం అడగలేదు.

జూన్ 7
మళ్ళీ వేసిన కణాలూ చచ్చాయి.

జూన్ 11, ఉదయం
బతికాయి! దానిమ్మ గింజల్లా ఒత్తుగా ఉన్నాయి. మావి కణాల్ని పట్టిచ్చే మార్కర్ రంగు వేస్తే డిష్ అంతా వెలిగింది. మా ల్యాబ్ హెడ్ మేడమ్ భుజం తట్టి, శుక్రవారం మీటింగులో నువ్వే చెప్పాలంది. అక్కకి ఫోన్ చేసి అరిచాను.  అటునుంచి ముక్కు చీది, పార్టీ ఎప్పుడిస్తావే అంది.

జూన్ 13
మా ల్యాబ్‌లో తాబేలని ఒకడున్నాడు. ఏ పనైనా రెండుసార్లు చేస్తే గానీ వదలడు, అందుకా పేరు. ఇవాళ నా డిష్ చూసి, ఆ మార్కర్ ఉమ్మనీటి సంచి పొరలోనూ వెలుగుతుంది కదా, ఆ పొరలో మాత్రమే వెలిగే మార్కర్ ఇంకోటి వేసి చూడమన్నాడు. నీ పని నువ్వు చూసుకోమని కసిరాను. వాడు వెళ్ళాక వేసి చూశాను.

వాడి నోరు పడిపోను, నిజమే! ఇవి మావి కణాలు కావు, ఆ సంచి కణాలు. మొదట్లో రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. ఎంతమందో ఇక్కడే బోల్తా పడ్డారు, నేనూ ఆ గుంపులో చేరాను. మేడమ్‌కి చెబితే, మొదటి ఫోటో చూపించు చాలు, రెండో మార్కర్ సంగతి ఎవడడుగుతాడులే అంది. ఒళ్ళు మండిపోయింది.

జూన్ 14, సాయంత్రం
మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పేశాను. మేడమ్ ముఖం మాడిపోయింది. సోమవారం నుంచి ప్రాజెక్టు తాబేలుకట. ఆ డిష్‌లు పారేయమంది.

 అక్కకి ఫోన్ చేశాను. వచ్చింది మావి కాదు, ఉమ్మనీటి సంచి పొర, ఎందుకూ పనికిరాదు అన్నాను. అక్క, నాకు నెలలు నిండకముందే పగిలింది ఆ సంచేనే అంది.

ఆదివారం ల్యాబ్‌కి రమ్మన్నాను.

జూన్ 16, ఆదివారం
డిష్‌లు పారేయలేదు. మీడియం మార్చాను. అక్క వచ్చి, మైక్రోస్కోప్ మీద వంగి ఎంతకీ తలెత్తలేదు. ఇంత పల్చనా అంది.