మెట్‌పల్లిలో దిగిపోయాం

బిడ్డ కృపకు, ఆర్మూర్ నుంచి అమ్మ దీవెనలతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల మేమిద్దరం బాగున్నాం. అల్లుడు, చంటిది కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీరసం తగ్గిందా, పసుపు పనికి పోతున్నావా అని అడిగావు. తగ్గింది, పోతున్నాను. మనవరాలి పేరుపెట్టే ప్రార్థనకన్నా నాయినకు మోకాళ్ల నొప్పులే ఎక్కువయ్యాయా అని కూడా రాశావు. దానికి జవాబు చివర్లో రాస్తాను, నన్ను కాస్త ధైర్యం తెచ్చుకోనీ.

వేల్పూర్ కల్లంలో ఆడవాళ్లకు మరుగు లేదు. మాటిమాటికీ మూత్రానికి పోవాల్సి వస్తుందని నేను నీళ్లు మానేశాను. అయినా ఆగేది కాదు, దగ్గితే చీర తడిసేది. మూత్రం ముదురు పసుపుగా వచ్చినా భయపడలేదు. నెలల తరబడి పసుపు కొమ్ములు ఏరుతుంటే ఉమ్మి, చెమట అన్నీ పసుపే కదా, ఇదీ అంతే అనుకున్నాను. తోటి కూలీ నర్సవ్వ కూడా "సీజన్ అయిపోతే అదే పోతది తియ్యి" అన్నది. తెలివికి ఇద్దరం ఇద్దరమే.

చివరికి మీ నాయిన పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయాడు. షుగర్ అని తేలింది. డాక్టరమ్మ నవ్వకుండా, విసుక్కోకుండా చెప్పింది. "వయసు మీదపడితే ఒంట్ల షుగర్ సరిగ్గ ఖర్చు కాదు. ఎక్కువైంది మూత్రంల పోతది, దానెంట నీళ్లు పోతయి. ఏండ్లకేండ్లు గట్లుంటే మూత్రసంచి నరాలు గూడ దెబ్బతింటయి. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకింత తొందర చేస్తది." ఇప్పుడు మందులు, వేళకు నీళ్లు, కింది కండరాలు బిగబట్టి వదిలే కసరత్తు. చాలా నయం. ఆమె మేలు మరువను.

ఇక ఆ సంగతి. పేరుపెట్టే ప్రార్థన రోజు మేం మీ ఊరికి బయల్దేరాం బిడ్డా, అప్పటికింకా దవాఖానకు పోలేదు. మెట్‌పల్లి రాకముందే బస్సులో నా చీర తడిసింది. పక్కవాళ్లు చూశారు. చచ్చిపోతే బాగుండుననిపించింది. మీ నాయిన సీసాలో నీళ్లన్నీ సీటు మీద ఒలకబోసి, "సీసా జారిపడ్డది, జర ఏమనుకోకుండ్రి" అని అందరికీ వినబడేలా అన్నాడు. తన తువ్వాల నా నడుముకు చుట్టి మెట్‌పల్లిలో దింపాడు. నేను ఏడుస్తుంటే, "నువ్వు ఫికర్ చెయ్యకు, నా మోకాళ్లు పట్టేసినయని బిడ్డకు చెప్త" అన్నాడు.

నీ తిట్లు పడ్డాడు. రెండు నెలలుగా నువ్వు తనతో మాట్లాడకపోయినా, నిజం చెప్పమని నన్ను ఒక్కసారీ అడగలేదు. ఇలాంటి మనిషిని ఇచ్చినందుకు రోజూ దేవునికి మొక్కుతున్నాను. నీకు చెప్పడానికే సిగ్గు అడ్డొచ్చింది.

నీ ఫోన్ మోగితే ఆయన లేచి బయటికి పోతాడు. ఈసారి నాకు చెయ్యకు, ఆయనకు చెయ్యి.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
రత్నవ్వ